ఇనుములాంటి ఎముకను ఎవరు తోశారు?

మా చోడవరం చుట్టుపక్కల ఎవరైనా పడి ఎముక విరగ్గొట్టుకుంటే, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎలా పడ్డావని అడగరు. ఎవరు తోశారని అడుగుతారు. తోసినవాళ్ళు దొరికితే, రోగికి తెచ్చిన బత్తాయిలు తామే ఒలుచుకుని తింటూ గంటసేపు కూర్చుంటారు. దొరక్కపోతే, కాళ్ళకింద చూసుకుని నడవాలమ్మా అని ఒక సలహా పారేసి, బస్సు వేళయిందని లేచిపోతారు. ఎముకల ఆస్పత్రిలో వార్డు సిస్టరుగా నా ఉద్యోగమంతా ఈ తంతు చూస్తూనే గడిచింది.

రిటైరయ్యాక ఇప్పుడు నర్సింగు చదివే అమ్మాయిలు మా ఇంటికి వచ్చి, మర్చిపోలేని కేసు ఒకటి చెప్పమంటారు. లారీ కింద పడి బతికి బయటపడ్డవాడి కథ చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పేది మాత్రం సొంత ఇంట్లో, చదునైన గచ్చు మీద, నిలబడ్డ చోటే పడిపోయిన ఒక పెద్దావిడ కథ. రక్తం చుక్క కారలేదు. కానీ ఆ పడటానికి ఒక కోడలు కాపురం దాదాపు కూలిపోయింది. మీరు రేపు డ్యూటీల్లో చేరాక ఇలాంటివే ఎక్కువ చూస్తారు, లారీలు కాదు.

మాది సర్కారు ఆస్పత్రి కాదు. కింద మందుల షాపు, పైన వార్డు ఉన్న చిన్న ప్రైవేటు ఆస్పత్రి. మా డాక్టరుగారి హస్తవాసికి మంచి పేరుండేది. విరిగిన చెయ్యి అతికించారంటే మళ్ళీ ఎక్కడ విరిగిందో వెతుక్కోవాల్సిందే. ఒకటే బలహీనత, మైకు. చేతికి మైకు అందితే ఆయన నోటికి ఏ కట్టూ నిలిచేది కాదు.

ఆ ఏడాది ఒక కాల్షియం మాత్రల కంపెనీ వాళ్ళు ఊళ్ళో ఒక చర్చి ఆవరణలో ఉచిత ఎముకల పరీక్ష పెట్టారు. డాక్టరుగారు ముఖ్య అతిథి. నేను వెంట వెళ్ళాను. మెషిన్ అంటే పెద్దదేమీ కాదు, చెప్పుల జోడు పట్టేంత పెట్టె. మడమ అందులో పెడితే కాసేపు గుర్రుమని, ఎముక ఎంత దట్టంగా ఉందో ఒక అంకె చూపిస్తుంది. నేనూ పెట్టాను. అంకె బాగా రాలేదు, మాత్రలు వాడమన్నారు. అంకె బాగా వచ్చినవాళ్ళకీ మాత్రలే వాడమన్నారు. కంపెనీ దృష్టిలో మానవులందరూ సమానమే.

ఆ రోజు అందరికంటే గొప్ప అంకె వచ్చింది ఆ చర్చి స్త్రీల సమాజం అధ్యక్షురాలికి. అరవై దాటిన మనిషి, భారీ విగ్రహం, కంచు కంఠం. సుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. దాన్ని ఆవిడ ఇంట్లో అద్దెకున్న చుట్టంలాగ చూసేది. ఉందంటే ఉంది, మన పనులకు అడ్డం రానంతవరకూ ఉండనీ అన్నట్టు. ఆవిడ అంకె చూసి మా డాక్టరుగారు మురిసిపోయి మైకు లాక్కున్నారు. "చూశారా! ఎన్నేళ్ళ నుంచి సుగరున్నా ఈ అమ్మగారి ఎముకలు ఇనుము. కొట్టినా విరగవు" అన్నారు. ఆవిడ లేచి అందరికీ నమస్కారం పెట్టింది, తన ఎముకలు తానే పోతపోసుకున్నట్టు. ఎవరో సెల్లులో వీడియో తీశారు. సాయంత్రానికి అది ఆ సంఘం వాట్సాప్ గ్రూపులో తిరిగింది.

కొన్ని నెలలకి, గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ జోరుగా నడుస్తున్న రోజుల్లో, ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆవిడనే ఆటోలో వేసి తీసుకొచ్చారు. స్ట్రెచర్ మీద చూడగానే నాకు అర్థమైంది. ఎడమ కాలు పొట్టిగా కనిపిస్తోంది, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. ఎక్స్‌రే తీస్తే తుంటి దగ్గర ఎముక రెండు ముక్కలు. వెంట వచ్చిన నలుగురైదుగురు ఆడవాళ్ళు ఏడవడం లేదు. వాళ్ళందరూ ఒకవైపు నిలబడి, గోడకానుకుని నిలబడిన ఒక బక్కపల్చటి అమ్మాయిని చూస్తున్నారు. ఆ అమ్మాయి ఆవిడ కోడలు.

జరిగింది నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. శుక్రవారాలు వాళ్ళింట్లో స్త్రీల ఉపవాస ప్రార్థన జరుగుతుంది. ఆవిడ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. సుగర్ మాత్ర మాత్రం వేసుకుంది. మాత్ర నీళ్ళతోనే కదా వేసుకునేది, దానికి ఉపవాసం చెడదని ఆవిడ సిద్ధాంతం. తింటే మాత్ర వేసుకోండి, తినకపోతే మానెయ్యండి అని కోడలు చెప్పిందట. విశ్వాసం లేనిదానివి నువ్వా నాకు చెప్పేదని అత్తగారు కసిరిందట. మధ్యాహ్నానికి ఆవిడకి ఒళ్ళంతా చెమటలు పట్టి, మాట తడబడి, నడవలో అటూ ఇటూ తూలుతుంటే కోడలు పరిగెత్తుకెళ్ళి జబ్బ పట్టుకుంది. ఆవిడ విదిలించుకుంది. సరిగ్గా అప్పుడే ప్రార్థనకి వచ్చిన ఆడవాళ్ళు గడపలో కాలు పెట్టారు. వాళ్ళకి చేతులు కనబడ్డాయి, చెమట కనబడలేదు. పెద్దావిడ పక్కకి ఒరిగి గచ్చు మీద పడింది.

అంతటితో ఆగితే సరిపోయేది. సుగర్ పడిపోయిందని తెలిసిన ఆ పిల్ల వంటింట్లోకి పరిగెత్తి, గుప్పెడు పంచదార తెచ్చి అత్తగారి నోట్లో పోసింది. నర్సుగా చెబుతున్నాను, ఆ క్షణంలో నేనున్నా అదే చేసేదాన్ని. కానీ గడపలో నిలబడ్డవాళ్ళకి అది వేరేలా కనబడింది. తోసింది చాలక, అరవకుండా నోట్లో ఏదో కుక్కిందని సాక్ష్యం తయారైంది.

ఇంకో చిక్కేమిటంటే, ఆస్పత్రికి వచ్చాక నేను వేలు గుచ్చి చూస్తే సుగర్ ఎక్కువే ఉంది. ఉండదా మరి, గుప్పెడు పంచదార లోపలికి పోయాక! ఆ పిల్ల అత్తగారి ప్రాణం కాపాడుతూ తన సాక్ష్యాన్ని తానే కరిగించేసుకుంది.

పెద్దావిడ తమ్ముడు అరగంటలో దిగాడు. ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు, ఊళ్ళో నోరున్న మనిషి. అక్క ఏమీ గుర్తులేదంటోంది. కోడలు చేతులు తన జబ్బల మీద ఉన్నాయని మాత్రం గుర్తుంది. ఆ రెండు చేతులే ఆయనకి చాలు. తిన్నగా డాక్టరుగారి గదిలోకి వెళ్ళి సెల్లు తీసి వీడియో పెట్టాడు. మా డాక్టరుగారు మైకులో చెప్పిన మాట ఆయన టేబుల్ మీదే మళ్ళీ వినబడింది. కొట్టినా విరగవు.

"మీరే సెప్పేరు కదండీ ఇనుమని" అన్నాడు తమ్ముడు. "ఊరికే నిలబడి పడితే ఇనుము ఇరుగుతాదా? బలంగా తోసీబట్టే ఇరిగింది. అదే రాసిచ్చీండి, మేం కేసు పెట్టుకుంటాం."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా ఆస్పత్రిలో ఆయన కళ్ళజోడు తుడిచారంటే జవాబు ఇష్టంలేని ప్రశ్న ఎదురైందని గుర్తు. అన్నీ చూడాలి, ఆపరేషన్ అయ్యాక మాట్లాడదాం అన్నారు. ఆయనకి తెలీక కాదు. సుగరున్నవాళ్ళ ఎముకలు పైకి దట్టంగా కనబడుతూనే లోపల పెళుసెక్కుతాయని మా వార్డులో రౌండ్స్‌కి వచ్చినప్పుడు ఎన్నోసార్లు మాకే చెప్పారు. నలుగురిలో ఇనుమని అన్నాక, ఇప్పుడది పెళుసని చెప్పడమంటే పరువు పోయే పని. ఒకసారి గదిలో ఎవరూ లేనప్పుడు నేను కదిపాను. ఆయన రిపోర్టుల మీంచి తల ఎత్తకుండానే, ఫ్యామిలీ మేటర్లు మనకెందుకు సిస్టర్ అన్నారు. విరిగిన ఎముక ఫ్యామిలీది కాదు, మన రోగిదని నేననలేదు. జీతం తీసుకునేవాళ్ళం ఇలాంటి మాటలు మనసులోనే అనుకుంటాం.

వెంటనే ఆపరేషన్ కుదర్లేదు. సుగర్ అదుపులోకి రావాలి, కొడుకు సంతకం పెట్టాలి. కొడుకు ట్రాక్టరు మీద గోవాడకి చెరుకు తోలతాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఫ్యాక్టరీ బయట బళ్ళ లైనులో ఉన్నాననేవాడు. బండి వదిలి వస్తే వరస పోతుందట. తల్లి తుంటి విరిగింది, పెళ్ళాం మీద నింద పడింది, ఆయన వరస మాత్రం పోకూడదు. చివరికి వచ్చాడు. సంతకం పెట్టాడు. మేనమామ ముందు తల వంచుకుని నిలబడ్డాడు. పెళ్ళాన్ని కె.కోటపాడులో పుట్టింట్లో దింపేసి రమ్మని మేనమామ అంటే దింపేసి వచ్చాడు. మళ్ళీ లైనులోకి వెళ్ళిపోయాడు. చెడ్డవాడని అనను. చెడ్డవాడు కావడానిక్కూడా కాస్త సొంత నిర్ణయం కావాలి.

వాళ్ళ పాస్టరుగారు కూడా వచ్చి మంచం పక్కన ప్రార్థన చేశారు. ఈ ఇంట్లో కోపంతో ఎత్తబడిన చేతులను క్షమించు తండ్రీ అన్నారు. చేతులు ఎవరివో దేవుడికి తెలియకపోతే పోనీ, వార్డులో మిగతా మంచాలవాళ్ళకి బాగా తెలిసేలాగ గట్టిగానే అన్నారు. నాదీ ఆ విశ్వాసమే, సంఘం వేరు. నేనూ కళ్ళు మూసుకున్నాను కానీ ఆమేన్ అనలేదు.

మర్నాటి పొద్దున్నే ఆ కోడలు ఆటో దిగి ఆస్పత్రి మెట్ల దగ్గర నిలబడింది. చేతిలో క్యారేజీ. లోపలికి వెళ్తే అత్తగారికి తోడుగా కూర్చున్న ఆవిడ తమ్ముడి భార్య గొడవ చేస్తుందని పైకి రాలేదు, నన్ను కిందికి పిలిపించింది. రాగి జావ తెచ్చాను, ఉప్పు తక్కువ వేశాను, నేను తెచ్చానని చెప్పకండి అంది. నిన్ను అన్నేసి మాటలన్నవాళ్ళకి ఎందుకమ్మా ఈ సేవ అని అడిగాను.

"సేవేటి సిస్టరమ్మా" అంది. "ఆయమ్మ తినకండా ఉంటే మళ్ళీ పడిపోద్ది. మళ్ళీ నా మీదికే వొస్తాది."

ఆ తెలివికి నాకు నవ్వు వచ్చింది, బాధా వేసింది. జావ పట్టుకెళ్ళి, ఆస్పత్రి జావ అని చెప్పి ఇచ్చాను. పెద్దావిడ గ్లాసు ఖాళీ చేసి, మీ ఆస్పత్రి వంటమనిషిది మంచి చెయ్యమ్మా, మా కోడలు ఏనాడైనా ఇలా కాచిందా అని మెచ్చుకుంది. మా ఆస్పత్రికి అసలు వంటమనిషే లేదు. మరో పూట కూడా అలాగే జరిగింది.

ఆ తర్వాత తమ్ముడి భార్య క్యారేజీని గుర్తుపట్టింది. కోడలు పుట్టింటికి పోతూ పట్టుకెళ్ళినా, వదిన ఇంటి గిన్నె ఆవిడకి తెలియదా! ఇందులో ఏం కలిపిందో అని జావ తీసుకెళ్ళి సింకులో పారబోసింది. పెద్దావిడ కూడా, కోడలు తెచ్చిందా, అయితే ఛీ అంది. అంతకుముందు లొట్టలేసినందుకు కాస్త సిగ్గుపడి ఉంటుంది, ఇంకేమీ ముట్టనని భీష్మించింది. నేను ఇడ్లీ తెప్పిస్తే ముఖం తిప్పేసుకుంది.

సుగర్ మాత్రలు మేం ఆపేశాం. ఆపరేషన్ అయ్యేవరకూ ఇన్సులిన్ ఇమ్మని డాక్టరుగారు రాశారు, అదీ తిన్నాకే. తినలేదు కనక నేను ఇంజెక్షన్ ఇవ్వలేదు. నాకు తెలియని విషయం ఏమిటంటే, తమ్ముడి భార్య ఇంటి నుంచి పాత మాత్రల డబ్బా తెచ్చింది. రోజూ వేసుకునే మాత్ర మానకూడదని ఎవరో చెప్పారట. అన్నం మానొచ్చు, మాత్ర మానకూడదు. నేను పక్క గదిలో ఉండగా ఆవిడ చేత మాత్ర మింగించింది.

నేను తిరిగి వచ్చేసరికి పాస్టరుగారు, తమ్ముడు, తమ్ముడి భార్య మంచం చుట్టూ ఉన్నారు. ప్రార్థన జరుగుతోంది. పెద్దావిడ నుదురు తడిసిపోయి ఉంది. దిండు కూడా తడిసింది. దేవుడి సన్నిధిలో ఆవిడ కదిలిపోతోందని వాళ్ళు అనుకున్నారు. నాకు మాత్రం ఆ చెమట రకం తెలుసు. దగ్గరికి వెళ్ళి పిలిస్తే నా వైపు చూసింది కానీ ఆ చూపు నా మీద లేదు. లేవబోయింది. తుంటి విరిగిన మనిషి, కాలికి బరువు కట్టి ఉంది, లేస్తే కొంప మునుగుతుంది. నేను రెండు జబ్బలూ పట్టుకుని వెనక్కి అదిమాను.

ఆవిడ కంచు కంఠంతో, వార్డు మొత్తం వినేలాగ అంది:

"నన్ను తోసెత్తంది! ఒరే తమ్ముడూ, ఈ నర్సు నన్ను తోసెత్తందిరా!"

ప్రార్థన ఆగిపోయింది. నేను ఒక చేత్తో ఆవిడని పట్టుకునే, రెండో చేత్తో వేలు గుచ్చి చూశాను. సుగర్ బాగా పడిపోయింది. గ్లూకోజు కలిపి తాగించబోతే ఆవిడ నా చెయ్యి కొట్టేసింది, నోట్లో విషం పోస్తున్నానంది. మా జూనియర్ సిస్టర్ పరిగెత్తుకొచ్చి సూది ఎక్కించింది, నరంలోంచి గ్లూకోజు పంపాం. తమ్ముడు పక్కకి తప్పుకున్నాడు. ఆయన ముఖం చూడటానికి నాకప్పుడు తీరిక లేదు గాని, తర్వాత తలుచుకుంటే ఆ తీరిక లేకపోవడం నా ఉద్యోగంలో నేను పోగొట్టుకున్న పెద్ద ఆనందాల్లో ఒకటి.

కాసేపటికి ఆవిడ చూపు నిలిచింది. చుట్టూ చూసి, అందరూ అలా నిలబడ్డారేటి అంది. నన్ను చూసి, సిస్టరమ్మా, కాసిని మంచినీళ్ళియ్యవా అంది. ఇప్పుడు ఎవరైనా మిమ్మల్ని తోశారా అని అడిగాను. "నన్నెవలు తోస్తారు? మంచం మీదున్న మనిషిని" అంది, నాకు మతి పోయిందేమో అన్నట్టు. తమ్ముడి భార్య మెల్లిగా మాత్రల డబ్బాని చీర కుచ్చెళ్ళ చాటుకి తీసుకోబోతే నేను చెయ్యి చాచాను. ఇచ్చేసింది.

డాక్టరుగారు పైకి వచ్చారు. నేను జరిగింది చెప్పాను, సుగర్ ఎంతకి పడిపోయిందో చెప్పాను. ఆయన తల ఊపారు. ఇంక అయిపోయిందనుకున్నాను. కాంట్రాక్టరు అంత తేలిగ్గా గోడ దించే రకం కాదు.

"సరేనండీ. సుగర్ పడిపోయి పడ్డాదే అనుకోండి" అన్నాడు. "పడితే పడ్డాది. అంత మాత్రానికి ఇరిగిపోతాదా? మీరు ఇనుమన్నారు."

మళ్ళీ కళ్ళజోడు. తుడిచి తుడిచి, ఆ రోజు పరీక్ష చేసింది మడమకి అన్నారు డాక్టరుగారు. విరిగింది తుంటి. తుంటి గురించి ఆయన ఆ రోజు ఏమీ మాట్లాడలేదట. నాకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. ఒకే మనిషిలో మడమ ఇనుము, తుంటి మట్టి అని ఈయన తీర్పు చెబితే, కోడలు ఊళ్ళో ఎలా తలెత్తుకుంటుంది?

అప్పుడే వార్డు గుమ్మంలో కోడలు కనబడింది. ఖాళీ క్యారేజీ తీసుకెళ్ళడానికి కింద నా కోసం చూసి చూసి, నేను దిగకపోతే, పైనుంచి కేకలు వినబడి వచ్చేసింది. ఎవరినీ పలకరించలేదు. అత్తగారి వైపు ఒకసారి చూసి, బతికే ఉందని నమ్మకం కుదిరాక, డాక్టరుగారి ముందు నిలబడింది.

"డాక్టరు గారూ, నాకు ఒక్క మాట సెప్పండి" అంది. "నాను తొయ్యకపోతే ఈ ఎముక ఇరగదా?"

గొంతు పెంచలేదు. ఏడవలేదు. ఆ ప్రశ్నకి మడమ లేదు, తుంటి లేదు, తప్పించుకునే సందు లేదు. డాక్టరుగారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

"విరుగుతుందమ్మా" అన్నారు.

ఆ మాట బయటపడ్డాక మిగతాది ఆయనంతట ఆయనే చెప్పారు, మైకు లేకుండా, మామూలు గొంతుతో. ఆ పెట్టె ఎముకలో సున్నం ఎంత దట్టంగా ఉందో కొలుస్తుంది గాని, ఎముక ఎంత గట్టిదో చెప్పదన్నారు. ఏళ్ళ తరబడి సుగరుంటే ఎముక లోపలి పీచు బిరుసెక్కి, వంగే గుణం పోతుందన్నారు. అంకె బాగానే వస్తుంది, ఎముక మాత్రం చిన్న దెబ్బకే పోతుంది. పైగా సుగరున్నవాళ్ళకి అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, చూపు మందగిస్తుంది, వేళకి తినకపోతే ఇలా కళ్ళు తిరుగుతాయి. అంటే మిగతావాళ్ళకంటే ఎక్కువసార్లు పడతారు, పడ్డప్పుడు ఎక్కువగా విరుగుతుంది. తర్వాత అతుక్కోవడమూ ఆలస్యమే. కాంట్రాక్టరు ముఖంలో ఇంకా అనుమానం చూసి, ఆయన భాషలోకే దిగారు.

"నువ్వు కట్టే గోడే తీసుకో. సిమెంటు బాగానే పోశావు, తర్వాత నీళ్ళు కొట్టలేదు. టేపు పెట్టి కొలిస్తే మందం సరిగ్గానే ఉంటుంది. ఒక్క గుద్దు గుద్దితే ఏమవుతుంది?"

కాంట్రాక్టరు కట్టిన ఇళ్ళల్లో క్యాలెండరుకి మేకు కొట్టాలన్నా జనం భయపడతారని ఊరందరికీ తెలుసు. పక్క మంచం మీద కాలికి కట్టుతో ఉన్న ముసలాయన కిసుక్కున నవ్వాడు. ఆయన ఇల్లూ వాటిలో ఒకటట.

కేసు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. క్షమాపణ మాట కూడా ఎవరూ ఎత్తలేదు. పాస్టరుగారు గొంతు సవరించుకుని, మన తొందరపాటు మాటలను క్షమించు తండ్రీ అని ప్రార్థన చేశారు. ఈసారి మాత్రం చాలా మెల్లిగా, మంచం దాటి వినబడకుండా చేశారు. తోసిందన్నప్పుడు వార్డుకంతా వినబడింది, తొయ్యలేదన్నప్పుడు దేవుడొక్కడికే వినబడింది.

ఆపరేషన్ బాగా జరిగింది. లోపల రాడ్డు వేశారు. పుండు మానడానికి మామూలుకంటే ఆలస్యమైంది. పెద్దావిడ వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసే వరకూ కోడలే దగ్గరుంది. తిన్నాకే మాత్ర, మాత్ర వేశాక కాసేపు ఎదురుగా కూర్చుని చూడటం. తినిపించేటప్పుడు ఎవరో ఒకరు గదిలో ఉండేలా చూసుకునేది. ఎవరూ లేకపోతే నన్ను పిలిచేది. మొదట నాకు పనెక్కువ చేస్తోందని విసుక్కున్నాను. తర్వాత అర్థమైంది, ఆ పిల్లకి కావలసింది సాయం కాదు, సాక్షి.

ఇంటికి వెళ్ళాక ఆవిడ, దేవుడు తనని బాగుచేశాడని చర్చిలో లేచి సాక్ష్యం చెప్పిందని విన్నాను. దేవుడికి, డాక్టరుగారికి, పాస్టరుగారికి, అలసిపోకుండా తిరిగిన తమ్ముడికి, ఆస్పత్రి చుట్టూ ప్రార్థనలు చేసిన సహోదరీలకి, చివరికి ఆటో అబ్బాయికి కూడా వందనాలు చెప్పిందట. కోడలు వెనక వరసలో కూర్చుని అంతా విందట. ఆమె పేరు రాలేదు. మర్చిపోయి ఉంటుందని మీరనుకుంటే మీకింకా ఉద్యోగానుభవం రాలేదని అర్థం.

కొన్ని వారాల తర్వాత అత్తాకోడళ్ళు ఇద్దరూ చెకప్‌కి వచ్చారు. ఎక్స్‌రే బాగుంది. కోడలు మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. "సూసేవా సిస్టరమ్మా, మా కోడలు ఏరు పడిపోనాది. అదే వీధిలో వేరే పోర్షన్ తీసుకున్నాది. నా కొడుకుని కూడా లాక్కుపోనాది. నానేటి అన్నాను ఆయమ్మని?" అని వాపోయింది. పొద్దునా సాయంత్రం వచ్చి వండిపెట్టి, తినిపించి, మాత్ర వేసి, కాళ్ళు కడిగి చూసి వెళ్తోందట. అరికాళ్ళలో పుండ్లేమైనా పడ్డాయేమోనని రోజూ చూస్తుందట. అయినా ఆ ఇంట్లో పడుకోదట. చుట్టాలందరికీ అది వింతగా ఉంది. నాకు వింతనిపించలేదు.

కోడలు తిరిగి వచ్చాక, వరండాలో పక్కకి పిలిచి అడిగాను, ఎందుకు వేరు పడ్డావమ్మా అని. ఒక్క నిమిషం ఆలోచించి చెప్పింది.

"సుగరు మనిషి, మళ్ళీ పడినా పడొచ్చని మీ డాక్టరు గారే సెప్పేరు కదా. పడినప్పుడు నాను ఆ ఇంట్లో ఉండకూడదు సిస్టరమ్మా."

డాక్టరుగారు తన గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయనా విన్నారనుకుంటాను. లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత కాల్షియం కంపెనీ వాళ్ళు మళ్ళీ క్యాంపుకి పిలిచినప్పుడు వెళ్ళారు. మారిపోయారనుకోకండి, మైకు మైకే. కాకపోతే సుగరున్నవాళ్ళు అంకె చూసి మురిసిపోవద్దని, కాళ్ళు, కళ్ళు చూపించుకోమని, తినకుండా మాత్ర వేసుకోవద్దని చెప్పారు. ఆ క్యాంపులో మాత్రలు తక్కువ అమ్ముడయ్యాయి, కంపెనీ మళ్ళీ ఆయన్ని పిలవలేదు.

ఆ చెకప్ రోజు వాళ్ళిద్దరినీ సాగనంపడానికి నేను మెట్ల వరకూ వచ్చాను. మా ఆస్పత్రి మెట్లు కాస్త ఎత్తు. వాకరు ఆటో అబ్బాయి చేతికిచ్చి, పెద్దావిడ అలవాటు చొప్పున చెయ్యి పక్కకి చాచింది, కోడలు వచ్చి జబ్బ పట్టుకుంటుందని. కింద మందుల షాపు దగ్గర పదిమంది నిలబడి ఉన్నారు. కోడలు పట్టుకోలేదు. ఒక మెట్టు కిందికి దిగి, వెనక్కి తిరగకుండా, భుజం ఎత్తి నిలబడింది.

"మీరే నన్ను పట్టుకోండి అత్తా" అంది. "నాను మిమ్మల్ని పట్టుకోను."

పెద్దావిడ ఒకసారి కిందనున్న జనాన్ని చూసింది, ఒకసారి నన్ను చూసింది. చాచిన చెయ్యి కాసేపు గాలిలోనే ఉంది. తర్వాత మెల్లిగా వాలి, ఆ బక్కపల్చటి భుజాన్ని గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ మెట్టు మెట్టూ దిగారు.